అడిగినవాళ్ళకి అడిగినంత

ఈసారి ఉత్తరాల్లో సగం తడిసే వచ్చాయి. నవంబర్‌లో చెన్నై పోస్టంటే అంతే మరి. ఒక ఇన్‌ల్యాండ్ లెటర్‌లో ఇంకు మొత్తం కారిపోయి పెరంబూరు అన్న మాట ఒక్కటే మిగిలింది, ఆ పాఠకుడు ఏం అడిగారో ఆ దేవుడికే తెలియాలి, మళ్ళీ రాయండి సార్, ఈసారి బాల్ పెన్నుతో. మిగతావాటిలో నాకు సరదా వేసినవి తీసుకున్నాను. అన్నిటికీ ఒకే కొలత జవాబులు రాయనని మీకు తెలిసిందే, కొన్నిటికి పేజీ చాలదు, కొన్నిటికి ఒక లైనే ఎక్కువ.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పక్కన ఒక వైట్ బోర్డు పెట్టించి రోజూ వాకింగ్ నుంచి రాగానే ఒక ప్రశ్న రాస్తున్నాను. మొదట్లో బాగా జరిగింది. ఇప్పుడేమో లిఫ్ట్ ఐదో ఫ్లోర్‌కి వెళ్ళేలోపే ఫోన్‌లో వెతికేసి, సాయంత్రం కిందకొచ్చి జవాబు రాసేస్తున్నారు. ఫోన్‌కి దొరకని ప్రశ్న ఎలా తయారు చెయ్యాలి?
– రిటైర్డ్ బ్యాంకు మేనేజర్, అంబత్తూరు

సార్, ముందు నా కుళ్ళు చెప్పుకోనివ్వండి. నాకు వారానికి ఒక పేజీ ఇస్తారు, అదీ యాడ్ వస్తే సగం కోసేస్తారు, మీకేమో రోజూ ఒక గోడ.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అనే ప్రశ్నలు ఇంక బోర్డు మీద నిలబడవు సార్. గుర్తుపెట్టుకోవడంలో ఫోన్‌తో మనం గెలవలేం, గెలవాల్సిన పని కూడా లేదు. కాగితం పెన్ను తియ్యక తప్పని ప్రశ్న ఇవ్వండి, దాంట్లో మీ వీధినే పెట్టండి. ఉదాహరణకి ఇది రాయండి: "మన వీధిలో ఇళ్ళు ఒకే వరసలో 1, 2, 3 అని ఉన్నాయి. ఒకాయన తన ఇంటికి ఎడమ పక్కన ఉన్న నంబర్లన్నీ కూడాడు, కుడి పక్కవీ కూడాడు, రెండూ సమానం వచ్చాయి. ఇళ్ళు పదికి పైన, వందకి లోపల. ఆయన ఇంటి నంబరెంత?" అయితే ఓల్డ్ నంబరా న్యూ నంబరా అన్నది ముందే రాసెయ్యండి, చెన్నైలో ప్రతి గేటుకీ రెండూ ఉంటాయి కాబట్టి ఎవరో ఒకరు దాని మీదే అసోసియేషన్ మీటింగ్ పెట్టిస్తారు.

ఈ లెక్కకి పెద్ద చరిత్రే ఉంది. 1914 డిసెంబర్‌లో ఒక ఇంగ్లీషు మాసపత్రికలో ఇలాంటిదే అచ్చయింది, అక్కడ ఇళ్ళు 50కి పైన 500కి లోపల. అప్పుడు కేంబ్రిడ్జిలో చదువుతున్న మహలనోబిస్, అంటే తర్వాత మన దేశంలో స్టాటిస్టిక్స్‌కి పెద్ద దిక్కు అయిన ఆయనే, ఆ పత్రిక పట్టుకుని రామానుజన్ గదికి వెళ్ళాడట. రామానుజన్ స్టవ్ మీద కూర కలుపుతున్నాడు. ఈయన లెక్క చదివి వినిపిస్తే ఆయన గరిటె ఆపకుండానే రాసుకో అని జవాబు చెప్పాడు. ఒక్క వీధికి కాదు, ఇలాంటి వీధులన్నిటికీ కలిపి ఒకే జవాబు. ఆయన అంతకు రెండేళ్ళ ముందు మన మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో నెలకి 30 రూపాయల గుమాస్తా! నేను బీచ్ స్టేషన్ వైపు వెళ్ళినప్పుడల్లా ఆ 30 రూపాయలు గుర్తొస్తాయి, ఎందుకో తెలీదు, కోపం లాంటిది వస్తుంది.

సరే లెక్కలోకి వద్దాం. చిన్న వీధితో మొదలుపెట్టండి. 8 ఇళ్ళున్న వీధిలో 6వ ఇల్లు: ఇటు 1+2+3+4+5 అంటే 15, అటు 7+8 అంటే 15. దాని తర్వాతి వీధి కావాలంటే ఒక చిట్కా ఉంది, ఇంటి నంబర్ని ఆరు పెట్టి గుణించి అంతకు ముందు నంబరు తీసెయ్యడమే. మొదటి ఇల్లు 1, రెండోది 6, ఆరార్లు ముప్పైఆరులోంచి ఒకటి పోతే 35. అదే మీ బోర్డుకి జవాబు, వీధిలో 49 ఇళ్ళు. ఇంకోసారి తిప్పితే ముప్పైఐదార్లు రెండొందల పదిలోంచి ఆరు పోతే 204, అదే ఆ పత్రికవాళ్ళ జవాబు, వీధిలో ఇళ్ళు 288. ఇంకా ముందుకెళ్తే 1189వ ఇల్లు, అంత పొడుగు వీధి మౌంట్ రోడ్డే అవ్వాలి.

ఇది కూడా ఫోన్‌లో ఉంటుంది కదా అంటారు. ఉంటుంది సార్. కానీ జవాబు 35 అని రాసినవాళ్ళని "ఎలా వచ్చింది, పక్కనే చేసి చూపించండి" అనండి, మార్కర్ వాళ్ళ చేతికే ఇవ్వండి. లిఫ్ట్ దగ్గర ఎంతమంది నిలబడతారో నాకు రాయండి.

ప్రశ్న: మెరుపు కనిపించాక ఉరుము వినపడేలోపు లెక్కపెడితే పిడుగు ఎంత దూరంలో పడిందో తెలుస్తుందని మా అన్నయ్య అంటున్నాడు. నిజమా, నన్ను ఏడిపిస్తున్నాడా?
– ఆరో తరగతి పాప, వేలచ్చేరి

ఈ ఒక్క విషయంలో అన్నయ్య చెప్పింది నిజం తల్లీ, మిగతా విషయాలు నేను గ్యారంటీ ఇవ్వను. మెరుపు వెలుతురు మనకి వెంటనే కనిపిస్తుంది, శబ్దం మాత్రం నిదానంగా సెకనుకి సుమారు 340 మీటర్లు నడుచుకుంటూ వస్తుంది. అంటే మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. గడియారం సెకన్ల ముల్లు చూస్తూ లెక్కపెట్టి మూడుతో భాగించు. తొమ్మిది సెకన్లు పడితే మూడు కిలోమీటర్లు, అంటే మీ ఇంటి నుంచి గిండీ వైపు ఎక్కడో అనుకో. కానీ మేడ మీద నిలబడి లెక్కపెట్టకూడదు, ఉరుము వినపడిందంటేనే లోపలికి వచ్చెయ్యాలి, కిటికీలోంచి లెక్క చాలు.

ఇంకోటి తెలుసా, ఇదే లెక్క మన ఊళ్ళోనే రెండొందల ఏళ్ళ కింద ఒకాయన ఫిరంగులతో చేశాడు. గోల్డింగ్‌హామ్ అని మద్రాసు అబ్జర్వేటరీ చూసుకునే ఆయన. సెయింట్ జార్జి కోటలోనూ సెయింట్ థామస్ మౌంట్ మీదా పొద్దునా సాయంత్రం ఫిరంగి పేల్చేవాళ్ళు, ఈయన నుంగంబాక్కంలో కూర్చుని మంట కనిపించిన క్షణం నుంచి ఢాం అనేదాకా లెక్కపెట్టేవాడు. దూరం ముందే కొలిచి ఉంది కాబట్టి శబ్దం వేగం ఎంతో తేలింది. నెలల తరబడి అలా లెక్కపెట్టి, ఎండ గాలి తేమ బట్టి ఆ వేగం మారుతుందని కూడా రాసి 1823లో అచ్చు వేయించాడు. నువ్వు కూడా నోట్‌బుక్‌లో రాసిపెట్టు. మీ అన్నయ్యకి చూపించకు.

ప్రశ్న: మీ జోకులు మా తాతగారి కాలం నాటివి.
– పేరు రాయలేదు

తాతగారికి నా నమస్కారాలు. ఆయన నవ్వారో లేదో అది రాయలేదు మీరు.

ప్రశ్న: హీలియం గుంటూరులో కనిపెట్టారని మా స్కూల్లో సార్ చెప్పారట, మా అబ్బాయి ఇంటికొచ్చి మా నాన్నగారిది గుంటూరే కాబట్టి ఒకటే గొప్పలు. చెన్నైలో పెరిగిన నాకు ఇది ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. నిజమేనా?
– గృహిణి, మాంబళం

సగం నిజం, ఆ సగం కూడా చాలా బాగుంటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన ఆంధ్ర తీరం మీదుగా వెళ్ళింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఆయన గుంటూరులో దిగాడు. గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి అంచున లేచే మంటల వెలుతురుని రంగులుగా విడగొట్టి చూస్తే గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, ఇంత స్పష్టంగా ఉంటే గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అనిపించింది ఆయనకి. మర్నాడు పొద్దున్నే మామూలు ఎండలో చూశాడు, కనపడ్డాయి. గుంటూరు గొప్ప అక్కడుంది, అంతవరకూ గ్రహణం కోసం ఏళ్ళకేళ్ళు కాసుకుని కూర్చోవాల్సిన పని, ఆ రోజు నుంచి ఏ రోజు పడితే ఆ రోజు చెయ్యొచ్చు అయిపోయింది.

మరి హీలియం? ఆ గీతల్లో ఒక పసుపు గీత ఉంది. సోడియంది అని చాలామంది అనుకున్నారు. ఇది భూమ్మీద ఇంకా తెలీని కొత్త మూలకం అని వాదించింది ఇంగ్లండ్‌లో లాక్యర్, ఆయన ఆ గ్రహణానికి అసలు ఇండియాకే రాలేదు, అక్టోబర్‌లో గ్రహణం లేకుండానే అక్కడి నుంచి చూశాడు. భూమ్మీద హీలియం చేతికి చిక్కింది 1895లో, రామ్సే చేతికి. కాబట్టి మీ అబ్బాయి "గుంటూరులో కనిపెట్టారు" అనకుండా "గుంటూరు నుంచి మొదలైంది" అంటే ఏ సార్ ఎదుటైనా నిలబడుతుంది.

ఇందులో మన చెన్నైవాళ్ళ వాటా కూడా ఒకటుంది, అది ఎవరూ చెప్పరు. అదే గ్రహణానికి మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. ఆ పసుపు గీత సోడియం గీత మీద సరిగ్గా పడటం లేదని గమనించినవాళ్ళలో ఆయనొకడు. కానీ ఆయన రిపోర్టు ఇక్కడే అచ్చయి ఇక్కడే ఉండిపోయింది, యూరప్‌లో పెద్దగా ఎవరూ చదవలేదు. నక్షత్రాల కాంతికి ఇప్పటికీ ప్రపంచమంతా వాడే లెక్క ఈ పోగ్సన్‌దే. 1861లో మద్రాసు నుంచే ఒక గ్రహశకలం కనిపెట్టి దానికి ఆసియా అని పేరు కూడా పెట్టాడు. ఆ అబ్జర్వేటరీ రాతిస్తంభం నుంగంబాక్కంలో వాతావరణ శాఖ ఆవరణలో ఇప్పటికీ ఉంది, దాని మీద తెలుగు అక్షరాలు కూడా చెక్కారు. టీవీలో తుఫాను వార్తలు చదివేటప్పుడు వెనక కనిపించే ఆఫీసు అదే కదా, ఈసారి అబ్బాయికి చూపించండి.

ప్రశ్న: మా అత్తగారు బుధవారం మధ్యాహ్నం పన్నెండు దాటితే గేటు దాటనివ్వరు, రాహుకాలం అని. నాకు ఆఫీసు సెకండ్ షిఫ్టు. "అత్తయ్యా, పన్నెండుకి ఇంకా రెండు నిమిషాలుంది" అని పరిగెత్తుతూ ఉంటాను. దీనికి ఏదైనా ఉపాయం చెప్పండి, ఆవిడ కూడా మీ కాలమ్ చదువుతారు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, షోళింగనల్లూరు

ఆవిడ చదువుతారంటే జాగ్రత్తగా రాయాలి. నమ్మకం జోలికి నేను పోను, లెక్క జోలికి పోతాను.

పగటిని, అంటే సూర్యోదయం నుంచి అస్తమయం దాకా, ఎనిమిది భాగాలు చేస్తే రోజుకొక భాగం రాహుకాలం. బుధవారానిది ఐదో భాగం. అంటే నాలుగు భాగాలు పూర్తయ్యాక, పగలు సరిగ్గా సగమయ్యాక మొదలవుతుంది. క్యాలెండర్‌లో 12 నుంచి 1.30 అని వేస్తారు చూశారా, అది సూర్యుడు రోజూ ఆరింటికి లేచి ఆరింటికి పడుకుంటాడని అనుకుని వేసిన లెక్క. మన సూర్యుడు అంత క్రమశిక్షణ ఉన్న మనిషి కాదు.

ఇప్పుడు చెన్నై చూడండి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మనం ఉన్నది సుమారు 80¼ డిగ్రీల తూర్పున, నాలుగు పెట్టి గుణిస్తే 321 నిమిషాలు, అంటే గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు. అదే పాత మద్రాసు టైము, ఒకప్పుడు రైళ్ళన్నీ దీని మీదే నడిచేవి. 1906లో వచ్చిన ఇప్పటి ఇండియన్ టైము 82½ డిగ్రీలది, ఆ గీత తుని ప్రాంతం మీదుగా పోతుంది, నాలుగు పెట్టి గుణిస్తే 5 గంటల 30 నిమిషాలు. తేడా తొమ్మిది. అంటే తునిలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన తొమ్మిది నిమిషాలకి మన నెత్తి మీదకి వస్తాడు. దానికి తోడు భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, కొంచెం వంగి కూడా ఉంది కాబట్టి ఏడాదిలో ఈ టైము అటూ ఇటూ జరుగుతుంటుంది. నవంబర్ మొదట్లో మనకి అసలు మధ్యాహ్నం 11.53కే అయిపోతుంది. ఫిబ్రవరి రెండో వారంలో 12.23 దాకా అవ్వదు.

నమ్మకపోతే మేడ మీద బట్టలారేసే తీగ కట్టిన ఇనప పైపు నిటారుగా ఉందో లేదో చూసుకుని, పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకోసారి దాని నీడ చివర సుద్దముక్కతో చుక్క పెట్టండి. నీడ కురచవుతూ కురచవుతూ వచ్చి మళ్ళీ పెరగడం మొదలుపెట్టే చోటే మీ ఇంటి మధ్యాహ్నం. మబ్బు పట్టిందంటే ఆ రోజుకి లెక్క లేదు, ఈ నెలలో ఎక్కువ రోజులు అంతే. ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 18 ప్రాంతంలో చేస్తే ఆ వేళకి పైపుకి నీడే ఉండదు, సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. గుంటూరు గ్రహణం తేదీ, మన నీడ మాయమయ్యే తేదీ రెండూ ఆగస్టు 18 అవ్వడం ఊరికే కలిసొచ్చింది, అందులో అర్థాలు వెతక్కండి.

కాబట్టి అమ్మాయ్, ఫిబ్రవరిలో నీకు ఇరవై నిమిషాల పైన గ్రేస్ టైముంది. అత్తగారూ, ఈ నవంబర్‌లో మీరు పన్నెండు దాకా వదులుతున్నారంటే మీ కోడలి మీద మీకున్న ప్రేమ ఆరేడు నిమిషాలు ఎక్కువే అని లెక్క తేలింది. ఇద్దరూ ఆ తర్వాతి బుధవారం ఏమనుకున్నారో నాకు రాయాలి.

ప్రశ్న: మా పిల్లలు ఇక్కడే పుట్టారు, తమిళం గడగడా, ఇంగ్లీషు గడగడా, తెలుగంటే మాత్రం నీళ్ళు నమలడం. నిద్రపోయేముందు పొడుపు కథలు చెప్తే బోర్ అంటున్నారు. ఏం చెయ్యాలి?
– ఇద్దరు పిల్లల తండ్రి, విల్లివాక్కం

మీరు ఏం చెప్తున్నారో రాయలేదు. "చెయ్యని కుండ, పొయ్యని నీళ్ళు, వెయ్యని సున్నం, తియ్యగనుండు" అని చెప్పారా? కొబ్బరికాయ అని వాళ్ళకి మొదటిరోజే తెలిసిపోయి ఉంటుంది, మళ్ళీ మళ్ళీ అడిగితే ఎవరికైనా విసుగే. దాన్నే తిరగేయండి. మన ఇంట్లో ఉన్న వస్తువుకి ఇలాంటిది నువ్వు కట్టు, నేను విప్పుతా అనండి. పిల్లలకి విప్పడం కన్నా కట్టడం ఇష్టం, ఎందుకంటే అప్పుడు నాన్న ఓడిపోతాడు.

మా పక్కింటి చిన్నాడు కట్టింది వినండి, వాడికి తొమ్మిదేళ్ళు: "తలకిందులైతేనే పని చేస్తాను, కడుపు ఖాళీ అయితే బయట మెట్ల మీద నిద్రపోతాను, నన్ను మోసేవాడు మూడో అంతస్తు అనగానే తిట్టుకుంటాడు." వాటర్ క్యాన్! ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ లేని ఇల్లు చెన్నైలో ఎక్కడుంది చెప్పండి. వాడి అక్క దానికి పోటీగా, "పగలంతా మూల పడుకుంటుంది, కరెంటు పోతే లేచి ఇల్లంతా చూసుకుంటుంది" అంది, ఇన్వర్టర్ గురించి. తెలుగు తప్పులుంటాయి, మధ్యలో తమిళం దొర్లుతుంది, దొర్లనివ్వండి, అక్కడ ఆపి వ్యాకరణం చెప్పారో ఆట అక్కడితో అయిపోయినట్టే. ఓడినవాళ్ళు పాల ప్యాకెట్ తేవాలి అని పందెం పెట్టుకోండి.

మీ పిల్లలు కట్టినవి పంపండి, ఇక్కడ వేస్తాను. ఇన్వర్టర్, వాటర్ క్యాన్ తప్ప.

ప్రశ్న: మా అమ్మాయి సంగీతం నేర్చుకుంటోంది. మార్గళి కచేరీలకి మైలాపూరు తీసుకెళ్తే పక్క సీటు మామి ఒకావిడ రాగం పేరు వినగానే "అరవై ఐదో మేళం" అని నంబరు చెప్పేస్తున్నారు. డెబ్భై రెండూ బట్టీ పట్టారా?
– మందవెళి నుంచి ఒక తల్లి

బట్టీ అక్కర్లేదమ్మా, మేళాలంటే కర్ణాటక సంగీతంలో డెబ్భై రెండు మూలరాగాలు, వాటి పేరులోనే నంబరు దాచారు. కటపయాది అంటారు. క నుంచి మొదలుపెట్టి 1, 2, 3... ఝ దాకా 9, ఞ సున్నా. ట నుంచి మళ్ళీ 1, అలా ధ 9, న సున్నా. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య నుంచి హ దాకా 1 నుంచి 8. గుణింతం పట్టించుకోవద్దు, హల్లే లెక్క, ఒత్తు ఉంటే చివరి హల్లు తీసుకోవాలి. రాగం పేరులో మొదటి రెండు అక్షరాలు తీసి అంకెలు వేసి తిరగేస్తే మేళం నంబరు.

మేచకల్యాణి: మ 5, చ 6, వేస్తే 56, తిరగేస్తే 65. మామి రహస్యం ఇదే. మాయామాళవగౌళ: మ 5, య 1, తిరగేస్తే 15. హనుమతోడి: హ 8, న 0, తిరగేస్తే 08, ఎనిమిదో మేళం.

అసలు తమాషా ఏంటంటే మామూలుగా పాడేవాళ్ళెవరూ మేచకల్యాణి అనరు, కల్యాణి అంటారు. కల్యాణి అని వేస్తే క 1, ల్యాలో య 1, పదకొండొస్తుంది, అది వేరే రాగం. అందుకే ముందు మేచ తగిలించారు. శంకరాభరణం ఇంకా బావుంటుంది, శ 5, సున్నా వదిలేసి తర్వాతి హల్లు క 1, తిరగేస్తే 15, అంటే మాయామాళవగౌళ వాకిట్లోకి వెళ్ళి నిలబడుతుంది. ధీర అని ముందు పెట్టేసరికి ధ 9, ర 2, తిరగేస్తే 29, సొంతింటికి చేరింది. నంబరు కోసం పేరుకి ముందు చీరకొంగులా ఇలా ఒక ముక్క తగిలించడం, దానికి అర్థం కూడా కుదరడం, ఎవరు కూర్చుని చేశారో కానీ నాకు మాత్రం ఇది సంగీతం కన్నా ముందు నచ్చింది.

ఇంకో లాభం ఉంది. మొదటి 36 మేళాలకి శుద్ధ మధ్యమం, అంటే మ స్వరంలో కింది రకం, తర్వాతి 36కి ప్రతి మధ్యమం, అంటే పై రకం, మిగతా స్వరాలు అదే వరసలో మళ్ళీ వస్తాయి. 65లోంచి 36 తీస్తే 29. అంటే కల్యాణికీ శంకరాభరణానికీ తేడా ఒక్క మధ్యమమే అని పాడకుండానే, కూడికలు తీసివేతలతోనే తెలిసిపోయింది. అమ్మాయిని ఖరహరప్రియ నంబరు అడగండి. చెప్పగానే మామి వైపు తిరిగి చిన్నగా నవ్వండి.

ప్రశ్న: టీ నగర్ అంటే త్యాగరాజస్వామి పేరేనా?
– కాలేజీ కుర్రాడు, తాంబరం

కాదు బాబూ. జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు, ఆయన తెలుగింటి మనిషే. మధ్యలో ఉన్న పానగల్ పార్కు పానగల్లు రాజా పేరు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి, కాళహస్తివాడు, అసలు పేరు పానగంటి రామరాయణింగార్. దీపావళి షాపింగ్‌కి వెళ్ళి తోసుకుంటూ తిరిగే ఊరంతా ఇద్దరు తెలుగువాళ్ళ పేర్ల మధ్యలో ఉంది. బ్యాగు జాగ్రత్త.

ప్రశ్న: ఇవన్నీ ఎలా గుర్తుపెట్టుకుంటారండీ? మీకు ఇంట్లో పనుండదా?
– ఒక సోదరి, అశోక్ నగర్

ఇదే ప్రశ్న మా ఆయన ప్రతి ఆదివారం అడుగుతారు, ఉల్లిపాయలు తరుగుతూ. గుర్తుండవమ్మా, రాసుకుంటాను. ఎప్పుడో ఇన్సూరెన్స్‌వాళ్ళు ఇచ్చిన పాత డైరీ ఒకటుంది, అందులో పేపర్ ముక్కలు అన్నం మెతుకులతో అంటించి పెట్టుకుంటాను, గమ్ కొనడం మర్చిపోతాను కాబట్టి. కొన్ని పేజీలు చీమలు తినేశాయి. లజ్ దగ్గర పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పేర్చి అమ్మినప్పుడు వాటిలో ఎవరో పెన్సిల్‌తో గీతలు గీసినవి చూసి కొనేదాన్ని, గీత గీశారంటే అక్కడ ఏదో ఉన్నట్టే అని నా లెక్క. చాలాసార్లు పరీక్షకి ఇంపార్టెంట్ అని గీసినవి వచ్చేవి, అప్పుడు ఆ పిల్ల పాసయ్యిందో లేదో అని నాకు బెంగ.

నా దగ్గర ఒకటే పట్టింపు. ఎవరైనా వింత చెప్తే దాన్ని చేత్తో చేసి చూడొచ్చా అని అడుగుతాను. నీడకి చుక్క పెట్టి చూడొచ్చు, మేళం నంబరు వేళ్ళ మీద వెయ్యొచ్చు, ఉరుము లెక్కపెట్టొచ్చు. అలా చూడలేనివాటికి కనీసం సంవత్సరం, మనిషి పేరు దొరకాలి. రెండూ లేకపోతే వింటాను, నవ్వుతాను, డైరీలో అంటించను. మా అత్తగారు మాత్రం డైరీ మొత్తం చెత్తే అనేవారు, కానీ కరెంటు పోయిన రాత్రుళ్ళు "ఏదీ ఒకటి అడుగు" అని ఆవిడే మొదలుపెట్టేవారు.

పోయిన వారం లెక్కకి జవాబు: ఫంక్షన్‌కి వచ్చిన 20 మందికి 20 దోసెలు, మగవాళ్ళకి తలా మూడు, ఆడవాళ్ళకి తలా ఒకటిన్నర, పిల్లలకి తలా అర. మూడు రకాలవాళ్ళూ ఉన్నారు, ఎంతమంది? మగవాళ్ళు 2, ఆడవాళ్ళు 5, పిల్లలు 13. దోసెలు 6, 7½, 6½, కలిపితే 20. చాలామంది సరిగ్గానే పంపారు. టీ నగర్ నుంచి ఒకావిడ మాత్రం జవాబు రాయకుండా, ఒకటిన్నర దోసెతో లేచే ఆడవాళ్ళు మీకెక్కడ దొరికారు, ఆ మిగిలిన అర ఎవరి ప్లేట్‌లోకి వెళ్ళింది అని నిలదీశారు. పదమూడు మంది పిల్లలున్నారు కదండీ.

ఈ వారానిది: మీ బండి నంబరు ప్లేటు మీది నాలుగు అంకెలకీ కటపయాదిలో అక్షరాలు వేసి, గుణింతాలు మీ ఇష్టం, తిరగేయక్కర్లేదు, అర్థమున్న తెలుగు మాటో రెండు మాటలో తయారుచేసి పంపండి. మా ఆయన స్కూటర్ 6351. త, గ, మ, క అని పెట్టి "తగు మూక" అని చదివాను. వీధి చివర దాకా నాతో మాట్లాడలేదు.